మడ్డి తొట్టి

పూర్ణబోధులవారిని ఏ ప్రశ్న అడిగినా జవాబుకు బదులు ఒక పని అప్పగించేవారు. ఆశ్రమంలో ఉండే మాకందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ అడిగాడు శితికంఠం.

"స్వామీ, తొమ్మిదేళ్లుగా జపం చేస్తున్నాను. మా అన్న మీద కోపం మాత్రం పోలేదు. ఈ మురికి పెట్టుకుని దీక్ష ఎలా తీసుకోను? పోయే దారి చెప్పండి. లేదంటే ఇంటికి వెళ్లిపోతాను."

ఆ అన్న ఏం చేశాడో మాకెవరికీ తెలియదు. అడిగితే శితికంఠం మాట మార్చేవాడు.

"బంగారయ్య ఊరెళుతున్నాడు. నాలుగు రోజులు తొట్టి నువ్వు చూసుకో" అన్నారు స్వామి.

వంటశాల నీళ్లూ స్నానాల నీళ్లూ చేరే సిమెంటు తొట్టి అది; రోజూ దాని పని చూసేది బంగారయ్యే. మోటారు అడుగునుంచి గాలి కొడుతుంటే అందులో గోధుమరంగు మడ్డి సుళ్లు తిరుగుతుంది. పక్క తొట్టిలో ఆ మడ్డి అడుక్కి దిగి, పైతేట అరటితోటకు పోతుంది. శితికంఠం మడి కట్టుకోనిదే వంటశాల గడప దాటని మనిషి. ఆ మడ్డిని చూసి ఊరుకోగలడా? మూడు రోజులు బకెట్లతో తోడి పారబోశాడు. గోడలు బ్లీచింగ్ పొడితో తోమాడు. తొట్టి తళతళలాడింది. పాపం, గర్వపడ్డాడు కూడా.

నాలుగో రోజు తోటకు మురుగే పారింది. భోజనాల దగ్గర ముక్కు మూసుకోని వాళ్లు లేరు.

బంగారయ్య వచ్చి తల పట్టుకున్నాడు. "అయ్యా, ఆ మడ్డిలో కంటికి ఆనని పురుగులుంటాయి. మురికిని తినేది అవే. నీళ్లు కడిగేవాళ్లనే కడిగేశారు మీరు."

పక్క ఊరి తొట్టినుంచి ఇద్దరూ రెండు డబ్బాల మడ్డి మోసుకొచ్చి పోశారు. "గాలి ఆపకండి. గాలాడకపోతే ఈ మడ్డే కుళ్లి కంపు కొడుతుంది" అని బంగారయ్య మరీమరీ చెప్పాడు.

రెండు వారాలకు నీళ్లు తేటపడ్డాయి. శితికంఠం మాత్రం మరింత అయోమయంలో పడ్డాడు.

"అయితే కోపం ఉంచుకోమంటారా స్వామీ? ఉంచుకుంటే మురికి, తోడేస్తే అంతకన్నా మురికి. నాకేమీ పాలుపోవడం లేదు."

నేను పక్కనే వత్తులు చేసుకుంటున్నాను. స్వామి నింపాదిగా అడిగారు.

"మీ అన్న పేరేమిటి నాయనా? తొమ్మిదేళ్లలో నీ నోట ఒక్కసారైనా వినలేదు."