వీపు మీది కట్టు

భూమిని వదిలి అరుణగ్రహం చేరిన తొలి జనం ఒక గాజు గుమ్మటం కింద కాపురం పెట్టారు. బయట పీల్చే గాలి లేదు. మంచు తవ్వి తెచ్చుకుంటేనే లోపల నీళ్లు. బయటికెళ్లే తొడుగుకు కట్టు వీపు మీద ఉండేది. అందుకని అందరూ గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరు తమ ముందున్నవారి కట్టు బిగించేవారు. బయటికి వచ్చేవాడే బిగించాలని కట్టుబాటు. తన ప్రాణమూ అక్కడే ఉంటే చెయ్యి పొరపాటు చెయ్యదు కదా!

ఒకరోజు ఆ గుండ్రంలో గుమ్మటం పెద్ద చండభానుడికి ముందు, మరుగుదొడ్లు కడిగే ఓబులు వచ్చి నిలబడ్డాడు.

"వీడి వీపు నేను ముట్టుకోవాలా? గుండ్రం వద్దు, వరసగా నిలబడండి. మొదట నేను, చివర వీడు!" అన్నాడు చండభానుడు.

అందరూ వరస కట్టారు. ఓబులు చివరికి వెళ్లి తొడుగు విప్పేశాడు.

"నా వెనక ఎవరూ లేరు దొరా. నేను రాలేను."

"రాకపోతే పో!"

"నేను పోతే నా ముందున్న గంగమ్మ చివరిదవుతుంది. ఆమె కట్టు ఎవరు బిగిస్తారు?"

గంగమ్మ పక్కకు జరిగింది. ఆమె ముందువాడూ జరగక తప్పలేదు. అలా వరస కరిగి కరిగి చండభానుడొక్కడే మిగిలాడు.

"ఇప్పుడు చివరివారు తమరే దొరా," అన్నాడు ఓబులు మెల్లగా.

చండభానుడు వీపు తడుముకున్నాడు. చెయ్యి అందలేదు. గుమ్మటంలో నీళ్ల తొట్టి అప్పటికే అడుగంటింది. ఇందాక చెప్పగానే వరస కట్టినవాళ్లంతా నేలచూపులు చూస్తున్నారు. చండభానుడు తల వంచుకుని వచ్చి, ఓబులు మళ్లీ తొడుగు వేసుకోగానే అతని వెనక నిలబడి, కట్టు బిగించాడు.

"సరిగ్గా ఉందా ఓబులూ?"

"నా వీపు నాకెట్లా కనపడుతుంది దొరా? మీ చేతినే నమ్మి బయటికొస్తున్నా."

చండభానుడు ఆ కట్టు విప్పి, మళ్లీ బిగించాడు.