సువార్తమ్మ కాళ్ళు, టీచరమ్మ చేతులు

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో ఒక చర్చి, ఆ చర్చిలో ఒక ఆర్గాన్, ఆ ఆర్గాన్ ముందు ఒక టీచరమ్మ. ఆవిడ పేరు కెజియమ్మ. బళ్ళో పిల్లలకి పాటలు నేర్పేది, ఆదివారాలు చర్చిలో వాయించేది. ఆ చర్చి గుమ్మం ముందు ఎంత చెప్పుల గుట్ట పడేదనుకున్నావు! మీ తాతయ్య కొత్త చెప్పులు మారిపోయింది అక్కడే. సరే, అది వేరే గొడవ.

ఆర్గాన్ అంటే హార్మోనియానికి అక్కలాంటిది కన్నా. పైన చేతులతో మెట్లు నొక్కాలి, కింద రెండు పెడళ్ళని ఒక కాలు తర్వాత ఒక కాలుతో తొక్కాలి. తొక్కితేనే గాలి, గాలి ఆడితేనే పాట.

టీచరమ్మకి చెవి మహా పదును. ఆవిడ బళ్ళోనే సువార్తమ్మ అని ఒక పిల్ల ఉండేది. పాటంటే ప్రాణం, గొంతు మాత్రం ఎటో పోయేది. టీచరమ్మ ఆ పిల్లని పక్కకి పిలిచి, "నువ్వు పెదాలు కదుపు చాలు తల్లీ" అంది. ఆ పిల్ల అలా పెదాలు కదుపుతూనే పెద్దదయింది, పెళ్ళి చేసుకుంది, కుట్టుమిషను పెట్టి ఊరందరికీ జాకెట్లు కుట్టింది. చర్చిలో మాత్రం ఏనాడూ గొంతు విప్పలేదు.

ఆ తర్వాత టీచరమ్మ ముసలిదయింది. వేళ్ళు బాగానే ఉన్నాయి, మోకాళ్ళు పట్టేశాయి. సంఘం పెద్దలు వచ్చి, క్రిస్మస్‌కి పట్నం నుంచి కీబోర్డు అబ్బాయిని పిలుస్తామనీ, ఆర్గాన్‌ని గోడవారకి జరిపేస్తామనీ మెల్లగా చెప్పారు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి, ఆవిడకి ఉన్నదల్లా ఆ ఆర్గానే. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు, పెడళ్ళు తొక్కేవాళ్ళు దొరికితే తానే వాయిస్తానని కబురు పెట్టింది.

అప్పుడు చర్చి కావలివాడు ఏసోబు వచ్చాడు. బురద తొక్కినట్టు తొక్కాడు. ఆర్గాన్ ముసలి గేదెలా మూలిగింది. అప్పుడు సైకిల్ షాపు దానియేలు వచ్చాడు. పందెంలో తొక్కినట్టు తొక్కాడు. ఆర్గాన్ పెట్టిన కేకలకి వీధిలో కుక్కలు అందుకున్నాయి.

అప్పుడు సువార్తమ్మ వచ్చింది. టీచరమ్మ పక్కనే బల్ల మీద కూర్చుని, మిషను అలవాటున రెండు కాళ్ళూ ఒకేసారి వేసింది. ఆర్గాన్‌కి ఎక్కిళ్ళు పట్టాయి. టీచరమ్మ నవ్వి, ఒక కాలు తర్వాత ఒకటి వెయ్యమంది. చరణం చివర మాత్రం జాకెట్టు మెడ మలుపు కుట్టేటప్పటిలా నెమ్మదించమంది. ఆ మాటతో సువార్తమ్మ కాళ్ళకి దారి తెలిసిపోయింది.

క్రిస్మస్ ఆరాధనకి ఇద్దరూ ఆ బల్ల మీద కూర్చున్నారు. పాట మొదలుపెట్టే ముందు సువార్తమ్మ, టీచరమ్మ చెవి దగ్గరికి వంగింది.

"టీచరుగారూ, ఇవాళైనా నోరు తెరవొచ్చా?"

టీచరమ్మ చేతులు మెట్ల మీద ఆగిపోయాయి.

"తెరువమ్మా. నిన్ను ఆపకుండా ఉండాల్సింది. గాలి సంగతి నువ్వు చూసుకో, శ్రుతి సంగతి నేను చూసుకుంటా."

సువార్తమ్మ పాడింది. ముందు వరసలో ఆడవాళ్ళు తల తిప్పి చూశారు. టీచరమ్మ చూడలేదు, ఆర్గాన్ ఇంకాస్త గట్టిగా వాయించింది.

ఆ తర్వాత ఇంకెన్నో ఆదివారాలు అలాగే గడిచాయి. ఒకనాడు టీచరమ్మ హాయిగా కన్నుమూసింది. సాగనంపే రోజున దానియేలు కూతురు మెట్ల మీద చేతులు పెట్టింది, అదీ ఆవిడ శిష్యురాలే. సువార్తమ్మ కాళ్ళు వేసి గొంతెత్తింది. ఆ గొంతు ఎప్పట్లాగే ఎటో పోయింది. ఈసారి చర్చి మొత్తం దాని వెంటే వెళ్ళి పాడింది.

కథ కంచికి,
పాట చర్చికి,
కాళ్ళు దుప్పట్లోకి,
మనం నిద్దట్లోకి.