తోమి వదిలేసిన గిన్నె

ఈ సంగతి నాకు మొదట చెప్పింది హుసేనప్ప పెండ్లాం మస్తానమ్మ. ఆ యమ్మ ఒక మాట ఎక్కువ చెప్పదు, ఒక మాట తక్కువ చెప్పదు.

గుంతకల్లులో మౌలాలి ఉస్తాద్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయన పూసిన గిన్నెలో మొహం చూసుకొని జనం తలపాగా సర్దుకునేవాళ్లు. పనితోబాటు నమాజూ నడతా కూడా ఆయన దగ్గరే నేర్చుకునేవాళ్లు శిష్యులు. వాళ్లలో దస్తగిరి చెయ్యి గొప్పది.

రైల్వే కాలనీలో పింటో దొర ఇంటికి గిన్నెలు చేరవేసేది దస్తగిరే. అక్కడినుంచి ఒక ఇంగ్లీషు విద్య పట్టుకొచ్చాడు. తిట్టాల్సిన చోట మెచ్చుకోవాల, మొహంలో ఏమీ కనపడకూడదు. ఒకసారి మూడు రోజులు ఆలస్యంగా పోతే దొర గడియారం చూసి, "వెరీ గుడ్, రైలుకంటే ముందొచ్చావు" అన్నాడంట. గొంతు లేవలేదు, తగలాల్సిన చోట తగిలింది. దస్తగిరి మురిసిపోయాడు.

హుసేనప్ప కొలిమి తిత్తి ఊదేవాడు. దస్తగిరికన్నా పదేండ్లు పెద్ద, చెయ్యి నిదానం. బొగ్గులు మందగించినప్పుడల్లా దస్తగిరి, "వెరీ గుడ్ హుసేనన్నా, నీ గాలికి నిప్పులకే చలేస్తోంది" అనేవాడు. గిన్నెలు తెచ్చినోళ్లు నవ్వేవాళ్లు. వారం విన్నాడు హుసేనప్ప. ఎనిమిదో రోజు తిత్తి భుజాన వేసుకొని ఇంటికి పోయాడు, మళ్లీ రాలేదు.

దర్గా ఉరుసు వంటకు ముప్పై డేగిసాలు, అంత పెద్ద గిన్నెలు, పూసిస్తానని ఉస్తాద్ మాటిచ్చి ఉన్నాడు. తిత్తి లేనిదే నిప్పు లేదు.

"నేను తిట్టలేదు ఉస్తాద్" అన్నాడు దస్తగిరి. "మెచ్చుకున్నా. దానికే అలిగితే ఎట్లా?"

ఉస్తాద్ చిన్న ఇత్తడి గిన్నె ఇచ్చి తోమమన్నాడు. దస్తగిరి చింతపండూ ఇటుకపొడీ వేసి తోమితే అది బంగారంలా తేలింది. ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి, నీ అంత తోమేవాడు ఈ తాలూకాలో లేడన్నాడు. నిజంగానే అన్నాడు. అని, కళాయి పెట్టనీకుండానే అందులో పుల్లమజ్జిగ పోసి, మూతేసి గూట్లో పెట్టేశాడు.

మధ్యాహ్నం రొట్టెల దగ్గర ఆ గిన్నె తీసి శిష్యుడి ముందు పెట్టాడు. మజ్జిగ అంచునంతా పచ్చగా చిలుము.

"తాగు."

"కళాయి లేని గిన్నెలో పులుపు పోస్తే విషం కదా ఉస్తాద్."

"మెరుస్తోంది కదరా."

దస్తగిరి తల వంచుకున్నాడు. ఉస్తాద్ రొట్టె తుంచి అతని చేతిలో పెట్టాడు.

"దొర నిన్ను ఆ మాట అన్నాడే, తర్వాత ఏం చేశాడు?"

దస్తగిరి గుర్తు చేసుకున్నాడు. "కుర్చీ వేసి టీ ఇచ్చాడు. దారిలో వాన పట్టుకుందా అని అడిగాడు."

"అది నువ్వెప్పుడూ చెప్పలేదే" అన్నాడు ఉస్తాద్.

దస్తగిరి రొట్టె సగంలో లేచాడు. మజ్జిగ పారబోసి, గిన్నె మళ్లీ తోమి, కళాయికి కావలసిన నవాసారం పొట్లం, తగరం ముక్క తువ్వాల కొంగున కట్టుకొని హుసేనప్ప ఇంటికి పోయాడు. వాకిట్లో గుంట తీసి బొగ్గులు పేర్చి ఊరికే కూచున్నాడంట. హుసేనప్ప చూసి చూసి తిత్తి తెచ్చాడు. ఆయన ఊదాడు, దస్తగిరి పూశాడు. కళాయి పూశాక అదే గిన్నెలో మస్తానమ్మ టీ కాచింది. మొదటి గ్లాసు దస్తగిరి తన చేత్తో హుసేనప్పకిచ్చాడు.

హుసేనప్ప ఒక గుక్క తాగి, మొహంలో ఏమీ కనపడనీకుండా, "వెరీ గుడ్" అన్నాడు. ముందు నవ్వింది దస్తగిరే.

పోయిన ఉరుసులో మైకు పట్టుకున్న పెద్దమనిషి, ఉస్తాద్ ఆ గిన్నెను విసిరికొట్టాడనీ, ఇంగ్లీషు ముట్టనని శిష్యుడితో ఒట్టేయించాడనీ చెప్పాడు. ముందు వరసలోనే నేనుంటే నన్నొక మాట అడగలేదు. మౌలాలి ఉస్తాద్ జన్మలో గిన్నె విసిరిన మనిషి కాదు, ఒట్టేయించిందీ లేదు. ఆ గిన్నె ఇప్పటికీ మస్తానమ్మ ఇంట్లో ఉంది, కళాయితోనే ఉంది. చదువొచ్చినవాళ్లు ఎవరైనా ఆ రెండు తప్పులూ దిద్దండి.