పుంజు తిన్న లేహ్యం

కొండవాగు రాజుగారి పుంజు నిగనిగలాడుతూ తిరిగేది కానీ కూసేది కాదు. ఆస్థాన వైద్యుడు మార్తాండశాస్త్రి దానికి రోజూ వీర్యవృద్ధి లేహ్యం తినిపించేవాడు. అది మొదలైనప్పటి నుంచి ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. పెట్టలు మూడు వారాలు పొదిగినా గుడ్లు గుడ్లుగానే ఉండేవి.

"లేహ్యంలో లోపం లేదు ప్రభూ. కోళ్లను సాకే ఈ పోలి మంత్రగత్తె. దీని చూపు తగిలి గుడ్లు చస్తున్నాయి" అన్నాడు శాస్త్రి సభలో.

మంత్రగత్తె అని తేలితే పళ్లు ఊడగొట్టి పొలిమేర దాటించడం అక్కడి ఆచారం. తలారి రాయి పట్టుకుని నిలబడ్డాడు.

పోలి చీకటి కోసం తలుపులు మూయించి, వారం రోజులు పొదిగిన ఒక గుడ్డును దీపానికి అడ్డం పెట్టింది. పిల్ల పడిన గుడ్డులో కనిపించే నరం లేదు, నీడ లేదు. వట్టి వెలుగు.

"అయ్యవారూ, ఈ లేహ్యం మనుషులకూ పనిచేస్తుందా?" అని అడిగింది.

"పిచ్చిదానా, ప్రభువులు ఏళ్ల తరబడి సేవిస్తున్నది ఇదే."

"అయితే తప్పు నా చూపుదే మారాజా, పళ్లు ఊడగొట్టించండి. కాకపోతే నా చూపు ఏనాడూ కోళ్లగూడు దాటలేదు. అంతఃపురం గడప నేనెరగను."

ఆ అంతఃపురంలో ముగ్గురు రాణులున్నారు. ఉయ్యాల మాత్రం ఇంతవరకూ ఊగలేదు.

రాజు ఆ గుడ్డును అందుకుని, తానే దీపానికి అడ్డం పెట్టి చూశాడు.

"శాస్త్రీ, మీకు పిల్లలెందరు?"

"ఏడుగురు ప్రభూ."

"మీరీ లేహ్యం ఎప్పుడైనా తిన్నారా?"

శాస్త్రి తలుపు వైపు ఒక అడుగు వేశాడు. తలారి రాయిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఆయన పళ్ల వైపు చూశాడు.