రెండుసార్లు పలికిన పిల్ల

"స్వామీ, ఈ పిల్లలకు జ్ఞాపకం ఉంది, బుద్ధి లేదు. ఎందుకంటారు?" అని అడిగాడు విరూపాక్షం.

ఆశ్రమ గురువు కేశవానందులవారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడి వంక వెంటనే చూసేవారు కాదు. చేతిలో ఏ పని ఉంటే ఆ పనే చేసుకుంటూ పోయేవారు. ఆ వేళ చింతపండులో గింజలు తీస్తున్నారు. తీస్తూనే ఉన్నారు. అడిగినవాడు తన ప్రశ్నను తానే మరికాస్త విప్పుకోవాలని ఆయన ఉద్దేశం. విరూపాక్షం విప్పుకున్నాడు.

"చెప్పింది చెప్పినట్టు అప్పజెబుతారు స్వామీ. అక్షరం పొల్లుపోదు. అదే, 'ఇందాక మనం తలుచుకున్నది ఏ దేవుణ్ణి?' అని అడిగి చూడండి, గోడతో మాట్లాడినట్టే. తలకాయ నిండా ఆ సవర మాటలే ఉంటే తెలుగుకు చోటెక్కడిది?"

"రేపు పొద్దున పాఠానికి వస్తాను," అన్నారు స్వామివారు. అంతే.

విరూపాక్షం చెడ్డవాడు కాదు, అమ్మలారా. ఆ సంగతి ముందుగా మనసులో పెట్టుకుని వినండి. గోదావరి ఒడ్డున పుట్టి, పెద్ద పండితుల దగ్గర చదువుకుని, కొండ దిగువనున్న ఈ ఆశ్రమానికి తనంతట తానే వచ్చాడు. సవర గూడేల పిల్లల నోట భగవన్నామం పలికించాలని తపన. చలికాలంలో తన దుప్పటి తీసి వాళ్లకు కప్పి, తాను ముడుచుకు పడుకున్నవాడు. అయితే అతనికి తెలిసిన బోధన ఒక్కటే, తాను నేర్చుకున్న తీరు. గురువు ఒకసారి పలుకుతాడు. శిష్యులు అదే స్వరంలో రెండుసార్లు అంటారు. దీన్ని సంత చెప్పడం అంటారు. అందులో తప్పేమీ లేదు సుమండీ. మన పెద్దలు వేదాన్ని అలాగే కాపాడి మన చేతుల్లో పెట్టారు. విరూపాక్షం చేసిందల్లా పాఠం ముగిశాక కూడా సంత ఆపకపోవడం. "అన్నానికి పదండి" అంటే పిల్లలు "అన్నానికి పదండి, అన్నానికి పదండి" అని రాగం తీసి, అప్పుడు కదిలేవారు. అతనికి ముచ్చటేసేది. తెలుగు వచ్చేస్తోంది అనుకునేవాడు. తాను చెప్పని మాట, అంటే సవర మాట, ఎవరి నోట వచ్చినా మాత్రం చెవి పట్టుకుని మెలిపెట్టేవాడు.

ఆ పిల్లలందరిలోకీ సోంబారి మేటి. ఏడెనిమిదేళ్లుంటాయేమో. గొంతు కంచుగంట. గురుపౌర్ణమి నాడు భక్తుల ముందు స్తోత్రం ఎత్తుకోవలసింది ఆ పిల్లే. విరూపాక్షం ఆశలన్నీ ఆ గొంతు మీదే ఉన్నాయి.

మర్నాడు స్వామివారు వచ్చి పాకలో ఓ మూల చాప మీద కూర్చున్నారు. సంత మొదలైంది. సోంబారి తలను ఎడమ భుజం మీదికి వాల్చి, కళ్లు అరమూతలు వేసి పలుకుతోంది.

"ఆ పరవశం చూశారా స్వామీ?" అన్నాడు విరూపాక్షం మెల్లగా.

స్వామివారు లేచి వెళ్లి ఆ పిల్ల ఎదుట గొంతుకూర్చున్నారు. నుదుటి మీద చెయ్యి వేశారు. కాలిపోతోంది.

"ఎక్కడ నొప్పి తల్లీ?" అన్నారు.

సోంబారి చేతులు కట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"ఎక్కడ నొప్పి తల్లీ? ఎక్కడ నొప్పి తల్లీ?"

ఎంత చక్కగా పలికిందంటే, ఆయన గొంతులోని జాలి కూడా అచ్చుగుద్దినట్టు దిగిపోయింది. సోంబారి ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి కదా, అందుకున్నారు. పాకంతా మారుమోగింది. ఎక్కడ నొప్పి తల్లీ, ఎక్కడ నొప్పి తల్లీ.

నవ్వొస్తోందా మీకు? విరూపాక్షానికీ వచ్చింది. "చూశారా స్వామీ, ఒక్కసారి వింటే చాలు!" అన్నాడు.

నూనె పెట్టి దువ్విన ఆ పిల్ల జుట్టును స్వామివారు ఎడమ చెవి మీంచి పక్కకు తీశారు. చెవి వెనక ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతోంది. చీము మెడ దాకా కారి ఎండిపోయి ఉంది.

వెంటనే జీపులో పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. కబురు అందుకుని తల్లి కొండ దిగి వచ్చింది. చూసిన డాక్టరు, "కర్ణభేరి పోయింది. చీము ఎముకకు పట్టింది. ప్రాణభయం లేదు గానీ, ఆ పక్క వినికిడి ఇక రాదు," అని, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ? పిల్ల నొప్పని చెప్పలేదా?" అని గదమాయించాడు.

"ఒక్క మాట కూడా చెప్పలేదండీ," అన్నాడు విరూపాక్షం. పాపం, అది నిజమనే నమ్మాడు.

సోంబారి తల్లి కూతురి మంచం పక్కన కూర్చుని, వాళ్ల భాషలో ఏమేమో అడిగింది. ఆ పిల్ల గలగలా చెప్పుకొచ్చింది. అంతా విని తల్లి విరూపాక్షం వైపు తిరిగింది. వారపు సంతకు దిగివచ్చి కట్టెలమ్మే మనిషి, తెలుగు కొద్దిగా వచ్చు.

"సెవిపోటని మీకు సెప్పిందంట కద బాబూ."

"నాకా? ఎప్పుడు?"

"సానాసార్లు సెప్పిందంట. సెప్పినప్పుడల్లా మీరా సెవే పట్టుకుని మెలేసినారంట. నొప్పి సెవే పట్టుకున్నారు గదా, మా బొట్టిపిల్ల, తన మాట బాబుకి తెలిసిందనే అనుకుందంట. వైద్యమేమో అనుకుని ఓర్సుకుందంట. మరీ ఎక్కువైపోతుంటే ఇంక సెప్పడం మానేసిందంట."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. చెవి మెలిపెట్టిన ఆ కుడిచేతిని ఏం చేసుకోవాలో తెలియక విరూపాక్షం ఉత్తరీయంలో దాచుకున్నాడు.

ఆనాటి నుంచి అతను రోజూ ఆస్పత్రి వరండాలో ఆ తల్లి దగ్గర కూర్చునేవాడు. 'నొప్పి తగ్గిందా?' అని సవరలో ఎలా అడగాలో నేర్చుకున్నాడు. "అలా కాదు బాబూ, నాలిక తిరగాల," అని ఆమె దిద్దింది. సంస్కృతం అవలీలగా పలికిన నాలుక, ఆ చిన్న ప్రశ్న దగ్గర నానా తంటాలు పడింది. చివరికి ఆమె తల ఊపింది. ఆ పూటే స్వామివారు పిల్లను చూడవచ్చారు. విరూపాక్షం ఆయనను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు.

తలకు కట్టుతో మంచం మీద కూర్చుని, సోంబారి పైన తిరిగే ఫ్యానును చూపిస్తూ పక్క మంచం పిల్లకు ఏదో చెప్పి పకపకా నవ్వుతోంది. విరూపాక్షాన్ని చూడగానే నవ్వు ఆగిపోయింది. చేతులు కట్టుకుంది.

అతను నేల మీద మోకరిల్లి, ఆ పిల్ల భాషలో, తల్లి నేర్పిన తీరులోనే అడిగాడు. ఒక్క స్వరం తప్పలేదు. గుమ్మంలోంచి తల్లి కూడా మెచ్చుకోలుగా చూసింది.

సోంబారి వినబడే చెవిని అతని వైపు తిప్పింది. గొంతు సవరించుకుంది. అతను ఎలా అన్నాడో అలాగే, అదే స్వరంలో, రెండుసార్లు అంది.

విరూపాక్షం బయటికి వచ్చి వరండా మెట్ల మీద కూలబడ్డాడు.

"ఆమె భాషే కదా స్వామీ! ఇప్పటికైనా అర్థం కావాలి కదా!"

కేశవానందులవారు కూడా వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"నువ్వు పలికితే తాను ఏం చెయ్యాలో ఆ పిల్లకు ఎప్పుడో అర్థమైంది నాయనా," అన్నారు. "నువ్వు మార్చింది భాషను మాత్రమే."