డీన్ల సంఘం చరిత్ర

రౌద్రి నామ సంవత్సరం, ఎండలు ముదిరిన వైశాఖం. అడవిలో దూడలకో కాలేజీ, కొంగపిల్లలకో కాలేజీ, కుందేళ్ళకో కాలేజీ ఉండేవి. ఒక్కోదానికి ఒక డీన్. ఏ కాలేజీకి ఆపద వచ్చినా మిగతావాళ్ళు పరుగెత్తి రావాలని, ఆ డీన్లంతా పదేళ్ళ కిందట ఓ సంఘం పెట్టుకున్నారు. దాని చరిత్ర రాయించడానికి ఆ రోజు రేగుచెట్ల కింద సమావేశం.

దూడల డీన్ మైలయ్య ఎద్దుకి కూర్చోబుద్ధి కావడం లేదు. పొద్దున గడ్డిబీట్లో చిరుత అడుగుజాడలు చూశాడు. పదకొండు దూడలూ అక్కడే ఉన్నాయి, తోడెవరూ లేకుండా. సమావేశానికి రాని డీన్ పదవి పోతుందన్న నియమం తను పెట్టిందే, అందుకని వచ్చాడు. వచ్చాక ప్రాణం నిలవడం లేదు.

"చిట్టెయ్యా, చిరుత తిరుగుతోంది. నేను వెళ్తున్నా," అని లేచాడు.

చిట్టెయ్య అనే నక్క ఆ సంఘానికి కార్యదర్శి. "అయ్యో, వెళ్ళండి పెద్దాయనా! పిల్లలకంటే చరిత్ర ఎక్కువా? మొదటి వాక్యం ఒక్కటీ వినిపోండి. 'ఈ సంఘాన్ని స్థాపించినవారు కొంగ శేషాచలం గారు.'"

మైలయ్య ఎత్తిన కాలు దించాడు.

"ఎవరూ? జోరువానలో గుట్టగుట్టకీ తిరిగి అందర్నీ పోగేసింది నేను!"

"తిరిగింది నువ్వే," అన్నాడు కొంగపిల్లల డీన్ శేషాచలం, ఒంటికాలి మీద నిలబడి. "తిరగమన్నది నేను."

"ఆహా! బురదలో కూరుకుపోయి కేకలు పెట్టినవాడివి, నువ్వు నాకు చెప్పావా?"

"గొడవెందుకండీ? మొదట్నుంచీ చెప్పండి, రాస్తాను," అంది నక్క. "కాస్త మెల్లగా. నా చెయ్యి నిదానం."

మైలయ్య చెప్పడం మొదలుపెట్టాడు. నోరు ఇక్కడ, చెవులు గడ్డిబీటి వైపు. లేవబోయినప్పుడల్లా నక్క అడిగేది, "మరి రెండో ఏడు అధ్యక్షులెవరు? ఈయన తనేనంటున్నారే?"

మళ్ళీ కూర్చునేవాడు.

ఇంతలో బీటి వైపు నుంచి సన్నగా ఏదో వినబడింది.

"గాలి," అంది నక్క, తలెత్తకుండానే.

గాలే అయ్యుంటుందని మైలయ్య తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

నీడలు సాగాక చరిత్రలో మొదటి పేరు మైలయ్యదే పడింది. అది కళ్ళారా చూసుకుని పరుగందుకున్నాడు. వెనకాలే నక్క కూడా బయల్దేరింది, చిరుత తినగా మిగిలినదాని కోసం, తీరిగ్గా. శేషాచలం కదల్లేదు.

కాపలా ఉండాల్సినవాణ్ణి కట్టేయడానికి తాడు అక్కర్లేదు, వాడి గొప్ప వాడిచేత చెప్పిస్తే చాలు.

పదకొండు దూడల్లో ఎనిమిది మిగిలాయి.