మందుపెట్టె తాళంచెవి

హుసేనప్పకు కోటలో కొలువు దొరికేలా ఉంది. దిడ్డివాకిలి కావలి. పెద్ద తలుపులు మూశాక వచ్చేవాళ్లకు ఆ చిన్న తలుపు తీసే పని. జీతమెంతో వాడు అడగనే లేదు. తలుపవతల ఎవరో ఒకరు నిలబడి "హుసేనప్పా!" అని పిలుస్తారు. వాడికి కావాల్సింది అదే.

నల్లమందుకు మరిగిన రోజుల్లో వాడి ఇల్లు గుల్లయింది. ఆలి పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. సొంత అన్న వాడి మొహం మీదే తలుపు వేసుకున్నాడు. కొండవాగు పక్కన వైద్యం చేసే ఫకీరు జలాల్ బాబా వాణ్ణి చేరదీసి, ఆ అలవాటు మాన్పించాడు. ఇప్పుడు వాణ్ణి పేరుపెట్టి పిలిచేది ఆయనొక్కడే. వచ్చే రోగులకు వాడు ఉత్త "ఒరే అబ్బీ".

అయితే ఆ కోటలో ఒక పద్ధతుంది. తాళాలు ఇచ్చేముందు కోట అధికారి కిల్లేదారు స్వయంగా వచ్చి, ఆ మనిషిని ఎరిగినవాళ్లను విచారిస్తాడు. మత్తు అలవాటుందా అన్నదే మొదటి ప్రశ్న. వెనకెప్పుడో ఒక కావలివాడు నల్లమందు ఉండ కోసం శత్రువులకు ఆ తలుపు తీశాడట.

"పాత సంగతి చెప్పొద్దు బాబా," అని కాళ్లు పట్టుకున్నాడు హుసేనప్ప. "మానేసి ఏళ్లయింది గదా. ఇప్పుడదెందుకు?"

బాబా కల్వంలో వేర్లు నూరుతూనే ఉన్నాడు.

మర్నాడు కిల్లేదారు వచ్చి చాప మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి నోరు విప్పబోతుండగా, కాలు విరిగిన బండివాణ్ణొకణ్ణి మోసుకొచ్చారు. వాడి అరుపులు వినలేకపోయారు.

బాబా మొలలోంచి తాళంచెవి తీశాడు. "హుసేనప్పా, లోపల మందుపెట్టెలో నల్లమందుంది. ఆవగింజంత పట్రా."

హుసేనప్ప తాళంచెవి అందుకున్నాడు. ఏడ్చి అడిగినా తనకు ఆ తాళంచెవి ఇవ్వొద్దని మొదటిరోజే బాబా చేత ఒట్టు వేయించుకున్నాడు వాడు. ఇన్నేళ్లూ ఆయన ఆ మాట తప్పలేదు. తీరా ఇవాళ, కిల్లేదారు ముందర!

గమ్మున వెళ్లి తెచ్చేస్తే గొడవే లేదు. కానీ ఆ గదిలో పెట్టె, వాడు తప్ప ఇంకెవరూ ఉండరు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేనొక్కణ్ణే పోను బాబా," అన్నాడు. ఆ గొంతు వాడికే వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాడు. "నేను అది తిన్నవాణ్ణి. ఎవరన్నా తోడు రండి."

కిల్లేదారు వాడి మొహంలోకి చూశాడు. లేచి, "పద," అన్నాడు.

ఇద్దరూ వెళ్లి తెచ్చారు. కాసేపటికి బండివాడు నిద్రపోయాడు.

వెళ్లేముందు కిల్లేదారు గుర్రం దగ్గర ఆగాడు. "దిడ్డివాకిట్లో కావలివాడు ఒక్కడే ఉంటాడు. నీకు తోడు ఇవ్వలేను. తాళాలు ఇప్పుడు నీకివ్వను." కళ్లెం అందుకున్నాక మళ్లీ అన్నాడు. "వచ్చే ఏడు వస్తాను. అప్పుడు బాబాను అడగను. నిన్నే అడుగుతాను."

గుర్రం వాగు దాటేదాకా హుసేనప్ప అక్కడే నిలబడ్డాడు. అన్న తలుపు వేసుకున్ననాడు కూడా వాడికి ఇంత ఒంటరిగా అనిపించలేదు.

పొద్దువాలాక తాళంచెవి తెచ్చి బాబా ముందు చాపాడు. "ఇవాళే ఎందుకిచ్చినారు బాబా?"

బాబా దాన్ని తీసుకోలేదు.

పాకలో బండివాడికి మెలకువ వచ్చినట్టుంది. "హుసేనప్పా! ఓ హుసేనప్పా!"

బాబా కర్ర అందుకుని లేచాడు.

"నిన్నే పిలుస్తున్నాడు," అన్నాడు. "తాళంచెవి నువ్వే పట్టుకో. నేను తోడొస్తా."